తడవని తెర

కొమ్మనపాలెం, పిఠాపురం దగ్గర
దుందుభి సంవత్సరం, భాద్రపద బహుళ పంచమి

తమ్ముడు రత్నమాణిక్యాన్ని అక్క అప్పాయమ్మ మనసారా దీవించి రాస్తున్నది.

ఇక్కడ నాన్న, మీ బావ, నేను బాగానే ఉన్నాం. నువ్వు ధవళేశ్వరంలో కాలువల కచేరీ గుమస్తావై బల్ల ముందు కూర్చున్న దగ్గర్నుంచి మాకు ఉత్తరం ముక్క రాయడం మానేశావు. కచేరీ కాగితం ఖరీదైతే మనిషితో కబురైనా పంపవచ్చు. నా అక్షరాలు కోడి కెలికినట్టు ఉన్నాయని నవ్వకు. బొమ్మలాట తెర వెనక పద్యం తప్పుపోకుండా చదవడానికి నాన్న నేర్పిన అక్షరాలివి. ఉత్తరాలకు పనికొస్తాయని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

సంగతేమిటంటే, మొన్న ఊళ్ళో టముకు వేశారు. మాన్యం తింటున్నవాళ్ళందరూ అది ఏ పనికి ఇచ్చినదో, ఆ పని ఇప్పుడు చేస్తున్నారో లేదో మాన్యాల లెక్క తేల్చే ఇనాముల డిప్యూటీ గారి ముందు రుజువు చేసుకోవాలట. పూజారి దీపం పెడుతూనే ఉన్నాడు, కుమ్మరి కుండలు చేస్తూనే ఉన్నాడు. వాళ్ళకు భయం లేదు. చిక్కంతా మనకే వచ్చింది. కరణం గారు నాన్నను పిలిపించి అరుగు మీద కూర్చోబెట్టారు.

"ముసలయ్యా, మీకా నేల వానలు పడనప్పుడు బొమ్మలాట ఆడించినందుకు ఇచ్చింది కదా. ఈ ఊళ్ళో వానాట ఆడి ఎన్నాళ్ళైంది?"

"కాలవొచ్చాక ఎవరడిగారండీ ఆడమని?" అన్నారు నాన్న.

"నేనడగడం కాదయ్యా. డిప్యూటీ గారు అడుగుతారు."

నాన్న ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టకుండానే లేచిపోయారు. నిజమే కదురా. ఆనకట్ట కట్టి కాలువ తవ్వాక ఈ ఊరికి వానతో పనేముంది? మెట్ట ఊళ్ళలో తప్ప మనల్ని వానాటకు పిలిచేవాళ్ళు లేరు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, ఇక్కడివాళ్ళు కళ్ళం దగ్గర మనకు కొలిచే ధాన్యం కూడా మానేశారు. మిగిలింది ఆ మాన్యం ఒక్కటే. అది కాలువ కింద పల్లపు నేల అయింది కాబట్టి, శిస్తు వేస్తే పల్లపు శిస్తే వేస్తారు, దాని మీద నీటి తీరువ. బొమ్మలాడించేవాళ్ళు కట్టగలిగేది కాదది. నేల పోతే మనం ఈ ఊరివాళ్ళం అని చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళం అయిపోతాం.

కచేరీలో ఉన్నవాడివి. డిప్యూటీ గారికి ఏం చెప్పాలో కనుక్కుని రాయి.

అక్క అప్పాయమ్మ


ధవళేశ్వరం
ఆశ్వయుజ శుద్ధ దశమి

అక్కకు, నాన్నకు, బావకు రత్నమాణిక్యం నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. ఆలస్యం చేశానని తిట్టుకోకు, ఇక్కడ వరదలు తగ్గేదాకా ఊపిరి తీసుకోవడానికి తీరిక ఉండదు. నాకు పైన ఉన్న గుమస్తా గారు ఇదివరకు ఇనాముల పనిలో ఉన్నవారు. ఆయనను అడిగి అన్నీ తెలుసుకున్నాను.

సర్కారు లెక్క చాలా తేలిక. మాన్యమంటే జీతం. పని చేస్తే ఉంటుంది, మానేస్తే పోతుంది. మన తాతలకు నేలిచ్చిన జమీందారు రాగిరేకు మీద ఏమీ రాసివ్వలేదు, నోటిమాటగా ఇచ్చాడు. అందుచేత మనకున్న దారి ఒక్కటే. ఆ పని జరుగుతుండగా డిప్యూటీ గారు కళ్ళారా చూడాలి. ఆయన మార్గశిరంలో పిఠాపురంలో డేరా వేస్తారట. అప్పుడు ఊరి నడుమ తెర కట్టి వానాట ఆడండి. ఆయన చూస్తారు, పని జరుగుతున్నదని రాసుకుంటారు, నేల నిలుస్తుంది. ఇంతే. దీనికి నాన్న అన్నం మానేయడం దేనికి?

వానలు లేని కాలం కాదు కదా, వానాట ఎందుకంటారని నువ్వు అడుగుతావు. నిన్ను నేనెరగనా? అక్కా, నీ తమ్ముడు రోజూ కళ్ళతో చూస్తున్నాడు. నీళ్ళు మన బొమ్మల పెట్టెలోంచి రావడం లేదు. ఓవర్సియరు గారు చీటీ రాస్తే లాకు కాసే లస్కరు తలుపు ఎత్తుతాడు, అప్పుడు వస్తున్నాయి. మేకతోలు బొమ్మలు ఎగిరితే ఆకాశం కరిగే మాటైతే ఇంత రాయి మోసి ఆనకట్ట కట్టేవాళ్ళు కారు. ఆడితే వచ్చే నష్టమేమీ లేదు. ఆడండి.

నేను రాలేను. సెలవు అడిగితే ఇక్కడ ముఖాలు ముడుచుకుంటారు. నాన్నకు చలికి కప్పుకోవడానికి ఒక కంబళి పంపుతున్నాను.

తమ్ముడు రత్నమాణిక్యం


కొమ్మనపాలెం
కార్తీక శుద్ధ సప్తమి

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

కంబళి అందింది. నాన్న దాన్ని కప్పుకోలేదు, బొమ్మల పెట్టె మీద కప్పారు. ఆయన కళ్ళకు అక్షరాలు ఆనడం లేదు, నీ ఉత్తరం నేను చదివి వినిపించగానే ఆయన వయసు సగానికి సగం తగ్గిపోయింది. పెట్టె దించారు, బొమ్మలన్నీ నీడపట్టున ఆరబెట్టారు, బిగుసుకుపోయిన కీళ్ళకు నూనె రాశారు. రంగు వెలిసినచోట తానే కూర్చుని రంగు వేశారు. చేయి వణుకుతుంటే గీత గీతలా రాలేదు. నేను వేస్తానంటే కోప్పడ్డారు. "ఈ ఊళ్ళో మళ్ళీ తెర కడతానని అనుకోలేదే అమ్మాయీ" అని ఒకటికి పదిసార్లు అన్నారు. ఆ సంతోషం చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆ సంతోషం నాలుగు రోజులైనా నిలవలేదు. మన మాన్యం పక్క చేను సూరమ్మ గారిది, గుర్తుందా? మొగుడు పోయాక ఒక్కతే వ్యవసాయం చేసుకుంటున్నది. మొన్న పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఏంటమ్మా అప్పాయమ్మా, మామీద ఏమన్నా కోపమా?" అంది.

"కోపమేంటండీ?"

"మార్గశిరంలో వానాట ఆడతారంట. అప్పటికి మా పనలన్నీ పొలంలోనే ఉంటాయి గదమ్మా. కోసి పడేశాక వాన కొడితే గింజ మొలకెత్తిపోదా? ఇంత పంట నా జన్మలో చూళ్ళేదు. ఆడకండమ్మా, మీకు పుణ్యముంటుంది."

నేను నీ మాటే చెప్పాను. బొమ్మలాడితే వానొస్తుందా అండీ అన్నాను. ఆవిడ నా ముఖంలోకి అలా చూసింది.

"మీరే అలా అంటే ఎలాగమ్మా?" అంది.

చెంప పగలగొట్టినా అంత బాధ ఉండేది కాదురా. ఆవిడ వెనకాల ఇంకొందరు వచ్చారు. కాలువ వచ్చాక మనల్ని మరిచిపోయారనుకున్నాను. మన ఆట మీద వాళ్ళకు నమ్మకం మనకన్నా ఎక్కువగా ఉంది. పిలవడం మానేశారు కానీ నమ్మడం మానలేదు. ఇప్పుడు భయపడుతున్నారు.

పైగా మన తెర కట్టు నీకు తెలియనిది కాదు. వానాటకు కట్టిన తెరను వాన తడిపితే తప్ప విప్పకూడదు. ఆట అయ్యాక కూడా ఊరి నడుమ అది అలా నిలబడే ఉండాలి. కోతల కాలంలో ఆ తెర అక్కడుంటే పొద్దున్నే లేచి దాన్ని చూసే రైతు గుండె ఏమవుతుందో ఆలోచించు. నాన్న మాత్రం "ఆట ఆటే, నేల నేలే" అంటున్నారు. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యిగా ఉంది. ఏం చేయమంటావు?

అక్క


ధవళేశ్వరం
కార్తీక పౌర్ణమి

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. సూరమ్మ గారి పనలు తడుస్తాయని మన నేల వదులుకోవాలా? ఇన్నేళ్ళలో ఆవిడ కళ్ళంలోంచి మనకు ఒక్క చేటెడు గింజలు రాలాయా? నాన్న మెట్ట ఊళ్ళ వెంట ఎండలో నడిచి నడిచి కాళ్ళు వాచి వస్తే ఏ రైతైనా ఏమయ్యా అని అడిగాడా? అడగని ఊరికి నువ్వెందుకు జాలిపడతావు? మంచితనానికి కూడా ఒక హద్దుండాలి.

ఇంకో మాట. నిన్ను అడగకుండా చేశాను, కోపగించుకోకు. డిప్యూటీ గారి డేరా గుమస్తా ఈ మధ్య ఇటు వచ్చాడు. మార్గశిర పౌర్ణమి వెళ్ళిన మర్నాడు మా ఊళ్ళో వానాట ఉంది, దొరవారు దయచేస్తే చూపిస్తామని చెప్పాను. ఆయన రాసుకున్నాడు. డిప్యూటీ గారికి మన కళలంటే ఇష్టమేనట, తప్పకుండా వస్తారన్నాడు. కాబట్టి ఇప్పుడు వెనక్కి తగ్గితే పని చేయడం మానేశామని మన చేత్తో మనమే రాసిచ్చినట్టు అవుతుంది.

తెర కట్టు సంగతి నేను మరిచిపోలేదు. దానికొక ఉపాయం ఉంది. ఆ ఒక్క రాత్రి ఆడండి. డిప్యూటీ గారు వెళ్ళిపోగానే తెల్లారేలోపల తెర విప్పి పెట్టెలో పెట్టేయండి. ఆయనకు మన కట్టు తెలియదు. ఊరివాళ్ళు చూసినా సంతోషిస్తారే తప్ప తప్పు పట్టరు. నేల నిలుస్తుంది, పంటా నిలుస్తుంది. నాన్నకు నువ్వే నెమ్మదిగా నచ్చజెప్పు.

తమ్ముడు


కొమ్మనపాలెం
కార్తీక బహుళ నవమి

రత్నమాణిక్యానికి,

దీవెన రాయలేదని అనుకోకు, మనసులో ఉంది. చేతికి రావడం లేదు.

ఎండు తెర విప్పమని నువ్వు రాశావు. ఆ ముక్క నాన్నకు చదవలేదు. చదివేటప్పుడు అక్కడ దగ్గు వచ్చినట్టు నటించి దాటేశాను. తెర వెనక ఇంతమంది గొంతుల్లో మాట్లాడినదాన్ని, దగ్గొక లెక్కా?

నందన సంవత్సరపు కరువు నాటి మాట నీకు చిన్నప్పుడు చెబితే నిద్రపోయేవాడివి. ఇప్పుడైనా విను. ఆ ఏడు తాతయ్య ఇదే ఊళ్ళో తెర కట్టాడు. ఆట అయిపోయింది, వాన రాలేదు. జనం మూటాముల్లె కట్టుకుని ఊరు విడిచి పోతున్నారు. తమతో రమ్మని తాతయ్యను బతిమాలారు. తెర తడవలేదు, విప్పి తీసుకురాలేను, వదిలి రాలేను అన్నాడట. ఎండకు తెర చివికిపోయి చిల్లులు పడితే నాయనమ్మ తన చీర చింపి మాట్లు వేసింది. చివరికి వాన పడేనాటికి చూడడానికి ఊళ్ళో పిడికెడు మంది లేరు. ఆ పిడికెడు మంది చెప్పగా విని జమీందారు ఈ నేల మనకు నోటిమాటగా ఇచ్చాడు. ఈ నేల మనకు వాన తెచ్చినందుకు ఇచ్చింది కాదురా. తెర విప్పనందుకు ఇచ్చింది. దాన్ని నిలుపుకోవడానికి ఎండు తెర విప్పమంటున్నావు!

రాత్రింబవళ్ళు ఇదే ఆలోచన. ఈ ఆటతో వాన రాదనుకుంటూ డిప్యూటీ గారి ముందు ఆడితే అది దొంగ సాక్ష్యం. వస్తుందనుకుంటూ ఆడితే అది ఊరి నోట్లో మట్టి కొట్టడం. ఎటు చూసినా తప్పే. నీ కచేరీలో ఇలాంటిదానికి చీటీ రాసే ఓవర్సియరు ఎవరైనా ఉన్నారా?

నువ్వు మాట ఇచ్చేశావు కాబట్టి ఆ రోజుకు తెర కడదామని నాన్న తేల్చేశారు. తడిసేదాకా విప్పేది లేదని కూడా తేల్చారు. ఊళ్ళో కోతలు తొందర పెట్టారు. కూలీలు దొరకడం లేదు. సూరమ్మ గారు తానే కొడవలి పట్టుకుని దిగింది. నేను దారిలో కనిపిస్తే తల దించుకుని పోతున్నది. తిట్టినా బాగుండును.

నేనూ సరే అన్నాను. మనసు మాత్రం అనలేదు.

అప్పాయమ్మ


ధవళేశ్వరం
మార్గశిర శుద్ధ చతుర్దశి, సాయంకాలం

అక్కా,

ఇది తపాలాలో వేస్తే అందదు. కాలువలో కాకినాడ వైపు పోతున్న పడవ సరంగు చేతికి ఇస్తున్నాను, పిఠాపురం వచ్చే బండివాడికి అప్పగిస్తానన్నాడు.

నిన్నటి నుంచి గాలి తూర్పుకు తిరిగింది. ఓవర్సియరు గారి గోడకు వాతావరణం చెప్పే గాజుగొట్టం ఒకటుంది, అందులో పాదరసం పూటపూటకూ దిగిపోతున్నది. సముద్రంలో వాయుగుండం పుట్టిందంటున్నారు. గోదావరి దాటే పడవలన్నీ గట్టున కట్టేయమని హుకుం వచ్చింది. గోదావరి మీద అప్పుడే మబ్బు కమ్ముకుంటున్నది.

ఆడకండి. తెర కట్టకండి. రాటలు కూడా పాతకండి. నేనేం రాశానో నాకు గుర్తుంది, నవ్వుకోవాలంటే నవ్వుకో. పాదరసానికీ మన తోలుబొమ్మలకూ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసి కూడా చెప్తున్నాను. పనలన్నీ పొలాల్లో ఉన్నాయి. మనం తెర కట్టినరోజే వాన పడిందంటే ఆ మాట నేను జీవితాంతం మోయలేను. నాన్నకు చెప్పు. డిప్యూటీ గారికి ఏదో ఒకటి చెప్పు.

రత్నమాణిక్యం


కొమ్మనపాలెం
మార్గశిర బహుళ షష్ఠి

తమ్ముడికి అక్క దీవెనలు, మనసులోవీ కాగితం మీదవీ రెండూ.

నీ చీటీ సరిగ్గా ఆట రోజు మధ్యాహ్నం, మీ బావ రాటలు పాతుతుండగా అందింది. చదివి నవ్వాను, నిజం చెప్పాలి. తలుపెత్తితే నీళ్ళొస్తాయన్న దొరవు మబ్బును చూసి గజగజలాడిపోయావే అని. ఆ వెంటనే నా తమ్ముడు ఇంకా నా తమ్ముడేనని ప్రాణం లేచి వచ్చింది. నాన్నకు మాత్రం చదవకుండా కొంగున ముడేసుకున్నాను.

ఇక జరిగింది విను. పొద్దు వాలుతుండగా డిప్యూటీ గారు వచ్చారు. మన తెలుగువారే. మర్యాదస్తులు. నాన్నను నిలబెట్టి మాట్లాడలేదు, కూర్చోమన్నారు. ఊరంతా వచ్చింది. ఎవరూ తిట్టలేదు, అడ్డం రాలేదు. సర్కారు మనిషి కూర్చున్నచోట ఎవరు నోరెత్తుతారు? చేతులు కట్టుకుని చుట్టూ నిలబడ్డారు, అంతే. తూర్పున మబ్బు నల్లగా దిగి ఉంది. సూరమ్మ గారు పొలం నుంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగు నిండా గడ్డిపరకలు.

నాన్న తెర గుడ్డ చేతిలోకి తీసుకున్నారు. ఒక కొస నాకు అందించారు. దాన్ని రాటకు కట్టవలసినదాన్ని నేను. పట్టుకుని అలాగే ఉండిపోయాను. కట్టలేకపోయాను తమ్ముడూ. ఆలోచించి చేసింది కాదు. చేతులు కదలలేదు.

"ఏంటమ్మా ఆలస్యం?" అన్నారు డిప్యూటీ గారు.

"బాబూ, ఇవాళ ఆడమండి" అన్నాను.  మళ్ళీ గట్టిగా అన్నాను. "ఇది వాన కోసం ఆడే ఆటండి. పంట నేల మీదుంది."

ఆయన చుట్టూ చూశారు. "ఆడితే వాన వస్తుందని నీ నమ్మకమా?"

"నాకు తెలీదండి. వీళ్ళకి నమ్మకమండి. వాళ్ళు నమ్మి గింజలు పెడితే తిని పెరిగాం. ఆ నమ్మకాన్ని వాళ్ళ మీదకే ఎలా తోలమంటారు?"

ఆయన నాన్న వైపు తిరిగి, "పెద్దాయనా, మీరేమంటారు?" అన్నారు. నాన్న నా వంక చూడలేదు.  ఇన్నాళ్ళ ఆయన ఆశ అది. తన చేతిలో ఉన్న కొస నెమ్మదిగా మడత పెట్టుకుంటూ వచ్చి నా చేతిలో పెట్టారు. "అమ్మాయి మాటే మా ఇంటి మాటండి" అన్నారు.

డిప్యూటీ గారు కరణం గారిని అడిగారు, ఈ ఊళ్ళో చివరిసారి ఎప్పుడు ఆడారని. కాలువ రాకముందని కరణం గారు ఉన్నమాటే చెప్పారు. ఆయన అబద్ధమాడి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది, పాపం మూటగట్టుకున్నాను.

"చూడమ్మా, ఈ ఆట చూడాలనే వచ్చాను" అన్నారు డిప్యూటీ గారు లేస్తూ. "చూడందాన్ని చూశానని రాయలేను. పని జరగడం లేదనే రాయాలి. నీ మాట కూడా రాస్తాను. పైవాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకుంటారని మాత్రం చెప్పలేను." ఆయన ముఖంలో కోపం లేదు. ఆయన మీద నాకూ లేదు.

మాన్యం పోయింది. వచ్చే ఫసలీ ఏడాది నుంచి పూర్తి శిస్తు తప్పదని కరణం గారు అన్నారు. ఆ రాత్రి నాన్న పెట్టె పక్కనే పడుకున్నారు. నేను మాత్రం గోడవైపు తిరిగి ఏడ్చాను. మంచి పని చేశానని నాకు తెలుసు, అయినా ఏడుపు ఆగలేదు.

మబ్బు రెండు రోజులు వేలాడి దక్షిణానికి పోయింది. ఒక్క చినుకు పడలేదు.

అక్క


ధవళేశ్వరం
పుష్య శుద్ధ విదియ

అక్కకు సాష్టాంగ నమస్కారం.

నీ ఉత్తరం బల్ల కింద పెట్టుకుని మూడుసార్లు చదివాను. పక్క గుమస్తా ఏమైందని అడిగితే కంట్లో నలుసు పడిందన్నాను.

నేలను వదలకండి. శిస్తు నేను కడతాను. నా జీతంలో కొంత పోతే నాకొచ్చిన లోటేమీ లేదు. ఒక్కటే అడుగుతాను, నాన్న నామీద కోపంగా ఉన్నారా? డిప్యూటీ గారిని పిలిచింది నేనే కదా. నేను పిలవకపోతే ఇంకొన్నాళ్ళు కాగితాల మీద నానేదేమో. నీ చేతిరాతతోనైనా ఆయన మాటలు ఆయన అన్నట్టే రాయి, మెత్తబరచకు.

ఊరివాళ్ళు ఏమంటున్నారు? ఇప్పుడైనా ఏమైనా అన్నారా?

తమ్ముడు రత్నమాణిక్యం


కొమ్మనపాలెం
మాఘ శుద్ధ ద్వాదశి

చిరంజీవి రత్నమాణిక్యానికి అక్క దీవెనలు.

నాన్న మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను. "వాడి మీద కోపమేంటే? దొరని మన తెర ముందు కూర్చోబెట్టినోడు మన వంశంలో ఇంకోడున్నాడా?" అన్నారు. మెత్తబరచలేదు. శిస్తు సంగతి చెబితే మాత్రం ఒప్పుకోలేదు. "ఆట పెట్టిన నేల ఆటతో పోయింది. వాడి జీతంతో నిలబెడితే అది వాడి నేల, మన మాన్యం కాదు" అన్నారు. నేల వదులుకుంటున్నామని కరణం గారికి చెప్పి వచ్చాం. మొన్న ఆ గట్టు మీదుగా వస్తుంటే కాళ్ళు అటే లాగాయి. అలవాటు.

ఊరివాళ్ళు ఏమన్నారని అడిగావు. మనం ఆడనందువల్లే మబ్బు మళ్ళిపోయిందన్నారు! నిజం. నూర్పిళ్ళు అయిపోయాక ఒకనాడు పొద్దున్నే సూరమ్మ గారు బుట్టెడు ధాన్యం నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఆవిడ వెనక వరసగా ఇంకా ఎందరో. కాలువ వచ్చాక మన వాకిట్లో ధాన్యం రాశి పోయడం అదే మొదటిసారి. మీ బావ కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తున్నారు.

నాన్న అరుగు దిగి వచ్చారు. "ఇదేంటండీ?" అన్నారు.

"మీకేనయ్యా. మీరు ఆడకుండా మమ్మల్ని బతికించారు" అంది సూరమ్మ గారు.

నాన్న ఆ రాశి వంక చూశారు. ఆయన ముఖం చూస్తే నాకు భయమేసింది. "ఒకప్పుడు ఆడినందుకు పెట్టారు. ఇప్పుడు ఆడనందుకు పెడుతున్నారా?" అన్నారు. అరవలేదు, మామూలుగానే అన్నారు. "తీసికెళ్ళండమ్మా. మా ఇంట్లో ఆట ఆడి తిన్నారు, పస్తులున్నారు గానీ, ఆడకుండా ఉన్నందుకు కూలి ఎవరూ తిన్లేదు."

 నేనే చనువు చేసుకుని నాన్న చెవిలో, మనింట్లో గింజలు నిండుకున్నాయని చెప్పాను. వినపడనట్టే ఉన్నారు. బుట్టలు ఎత్తుకోవడానికి ఎవరికీ చేతులు రావడం లేదు. అప్పుడు సూరమ్మ గారు అడిగింది, "అయితే ఆడే తినండయ్యా. ఇప్పుడు ఆడండి."

"వాన కావాలా ఇప్పుడు?"

"వద్దు."

"మరెందుకు ఆడమంటారు?"

ఆవిడకు తెలియలేదు. పక్కవాళ్ళ వంక చూసింది, వాళ్ళకూ తెలియలేదు. వాన కోసం కాకపోతే మన బొమ్మల్ని ఏమని అడగాలో ఈ ఊరికి అలవాటు లేదు. చివరికి ఆవిడే సిగ్గుపడుతూ, "చూద్దామని" అంది.

నాన్న లోపలికి వెళ్ళి పెట్టె బయటికి తెచ్చారు.

మొన్న కళ్ళంలోనే తెర కట్టాం. మామూలు తెర, తెల్లారితే విప్పుకునేది. నాన్న చేతులు వణకలేదని రాస్తే అబద్ధం. గుర్రం బొమ్మ పట్టుకుంటే అది నిలిచిన చోట నిలవదు. పిల్లలు దాన్ని చూసి నిజం గుర్రమే అనుకున్నారు. నీ వంతు గొంతు కూడా నేనే చెప్పాను, నీకన్నా బాగా. మెట్ట ఊళ్ళకు ఫాల్గుణంలో బయల్దేరతాం. ఇకమీదట ఏడాదిలో ఎక్కువ రోజులు తిరుగుడే, నేల లేదు కదా. కానీ నూర్పిళ్ళు అయ్యేసరికి తిరిగి రావాలని ఊరు మాట తీసుకుంది. పనిలేని ఆటకు ఈ ఊళ్ళో ఎవరైనా మాట తీసుకుంటారని నేననుకోలేదు. ఇది ఎన్నేళ్ళు సాగుతుందో తెలియదు. సర్కారు కాగితంలో మాత్రం మనం పని మానేసినవాళ్ళమే.

ఒక్క సంగతి నీకు చెప్పాలి, మీ బావకు చెబితే నవ్వారు. వానాట అయిపోయాక జనం ఆకాశం చూసుకుంటూ ఇళ్ళకు పోయేవాళ్ళు. చిన్నప్పటి నుంచీ తెర పక్కన నిలబడి నేను చూసింది అదే, పైకెత్తిన గడ్డాలు. మనల్ని చూసినవాళ్ళు లేరు. మొన్న ఆట అయ్యి దీపం పట్టుకుని తెర ముందుకు వస్తే అందరూ ఇంకా కూర్చునే ఉన్నారు. ఒక్కరూ పైకి చూడలేదురా. నాన్ననే చూస్తున్నారు.

అక్క అప్పాయమ్మ